బహుమతులిచ్చే సామాజిక వేదికల్లో రచనల నాణ్యతకు బాధ్యులెవరు?

ప్రశ్న అడిగినవారు: పుటలమధ్య

అందరికీ నమస్కారం. సభ్యులు వేసే ఓట్లను బట్టి రచయితలకు టోకెన్ల (డబ్బుగా మార్చుకోగల డిజిటల్ నాణేల) రూపంలో ప్రతిఫలం పంచే ఒక సామాజిక వేదికలో కొంతకాలంగా రాస్తున్నాను. రాసేదానికంటే చదివేదే ఎక్కువ. అక్కడ ఇటీవల కనిపిస్తున్న ధోరణి నన్ను బాగా కలవరపెడుతోంది. ఇలాంటి వేదికలతో పరిచయం ఉన్నవారి అభిప్రాయం తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

నేలలోని సూక్ష్మజీవుల గురించి ఒక సభ్యుడు రాసిన వ్యాసం ఈ మధ్య చదివాను. స్వయంగా సూక్ష్మదర్శినిలో చూసి తీసిన చిత్రాలు, ఏ నమూనాను ఎలా సేకరించారో వివరాలు, తనకు ఇంకా తేలని విషయాల ప్రస్తావన, అన్నీ అందులో ఉన్నాయి. దానికి పడ్డవి రెండు మూడు ఓట్లు. వ్యాఖ్య ఒక్కటీ లేదు. దాదాపు అదే సమయానికి వచ్చిన ఒక సూర్యాస్తమయం ఫొటోకు, దాని కింది రెండు వాక్యాలకు మాత్రం వందల ఓట్లు పడ్డాయి. ఓటేసినవారి జాబితా తెరిచి చూస్తే నిన్నా మొన్నా కూడా అదే ఖాతాకు అదే వరుసలో ఓటేసినవారే కనిపించారు. వీటన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టినది ఇంకొకటి ఉంది. తండ్రిని పోగొట్టుకున్న ఒక సభ్యురాలు ఆయన చివరి రోజుల గురించి రాసుకున్న టపా కింద ఎవరో "చాలా ఉపయోగకరమైన సమాచారం, ఇలాగే కొనసాగించండి" అని వ్యాఖ్య పెట్టారు. వ్యాఖ్యలకు కూడా ప్రతిఫలం వచ్చే అవకాశం ఉంది కాబట్టి, టపా చదవకుండా అతికించిన వ్యాఖ్య అది.

వీటిలో ఏదీ వేదిక నియమాలకు విరుద్ధం కాదు. అలాంటప్పుడు సభ్యులను తప్పుపట్టవచ్చా? నాణ్యత కాపాడవలసినది వేదికను నడిపేవారా, రచయితలా, ఓటేసే పాఠకులా? తెలిసినవారి రచనలకు మొహమాటంతో ఓటేయడం ఎంతవరకు సబబు? నాసిరకం టపా కనిపించినప్పుడు డౌన్‌వోట్ (ప్రతిఫలాన్ని తగ్గించే వ్యతిరేక ఓటు) వేయడం నా బాధ్యతా, లేక ఒకరి సంపాదనలో అనవసరంగా తలదూర్చడమా? ఆలోచించి జవాబివ్వగలరని మనవి.

నిదానవాసి

మీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. మామూలు సామాజిక మాధ్యమాల్లో లైక్ నొక్కితే నొక్కినవారికి ఖర్చేమీ లేదు, ఇతరులకు నష్టమూ లేదు. ఓట్ల ద్వారా బహుమతులు పంచే వేదికల్లో పరిస్థితి పూర్తిగా వేరు. ఈ తరహా వేదికల్లో మొదట పేరు తెచ్చుకున్న స్టీమిట్ 2016లో స్టీమ్ అనే, లావాదేవీలను అనేక కంప్యూటర్లలో ఉమ్మడిగా నమోదు చేసే బ్లాక్‌చైన్ మీద మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులో చేసిన మార్పు తర్వాత కొత్త టోకెన్ల జారీ ఏడాదికి సుమారు 9.5 శాతంతో మొదలై క్రమంగా తగ్గేలా ఏర్పాటయింది. అలా జారీ అయ్యేవాటిలో 75 శాతం రచయితలకు, ఓటర్లకు పంచే ఉమ్మడి నిధికి చేరేది. 2019లో ఆ వాటాను 65 శాతానికి తగ్గించారు. ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒక్కటే: ఏ రోజుకు ఆ రోజు నిధి పరిమాణం స్థిరం. ఒక టపాకు ఎక్కువ వెళ్లిందంటే మిగిలిన టపాలన్నిటికీ ఆ మేరకు తగ్గిందనే అర్థం.

కాబట్టి ఇక్కడ ఓటు అంటే మెచ్చుకోలు మాత్రమే కాదు, ఉమ్మడి సొమ్ములోంచి ఇంత మొత్తం ఫలానావారికి ఇవ్వవచ్చని పెట్టే సంతకం కూడా. చదవకుండా సంతకం పెట్టేవారిని మిగతా ఏ వ్యవహారంలోనైనా మనం బాధ్యులుగానే చూస్తాం. సూర్యాస్తమయం ఫొటోకు పడిన వందల ఓట్ల భారం ఆ ఫొటో పెట్టినవారి మీద కంటే ఓటేసినవారి మీదే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. ఫొటో పెట్టుకునే హక్కు ఎవరికైనా ఉంది. దానికి ఎంత విలువ కట్టాలన్నది మాత్రం ఓటరు నిర్ణయం.

ఈ బాధ్యత అందరిమీదా సమానంగా పడదు. ఓటు బరువు ఆ సభ్యుడు తాళం వేసి ఉంచిన టోకెన్ల పరిమాణం మీద, అంటే స్టేక్ మీద ఆధారపడుతుంది. కొత్తగా చేరినవారు పూర్తి బలంతో ఓటేసినా నిధిలో కదలిక కనిపించదు. పెద్ద స్టేక్ ఉన్నవారు ఒక్క ఓటుతో ఒక రచయిత వారం రోజుల శ్రమకు ఫలితం దక్కేదీ లేనిదీ తేల్చేయగలరు. "నా టోకెన్లు, నా ఇష్టం" అనే వాదన చాలామంది పెద్ద ఖాతాదారుల నోట వినిపిస్తుంది. టోకెన్లు వారివే, అందులో అనుమానం లేదు. ఆ టోకెన్లతో వారు పంచుతున్న నిధి మాత్రం అందరిదీ. కొత్త జారీ వల్ల టోకెన్ విలువ పలచబడితే ఆ నష్టం టోకెన్ ఉన్న ప్రతి ఒక్కరూ పంచుకోవలసిందే.

మొహమాటపు ఓట్ల గురించి కూడా అడిగారు. స్నేహితులు రాసినది చదివి, నచ్చి, ఓటేయడంలో తప్పేమీ కనిపించదు. మనకు పరిచయమున్నవారి రచనలే మన కంటపడటం సహజం. అసలు చిక్కు ఆటో ఓటుతో వస్తుంది. ఫలానా ఖాతా ఏది రాసినా ఇంత శాతం బలంతో ఓటేయమని ఒకసారి అమర్చేసి, ఆ తర్వాత ఏడాది దాకా అటువైపు చూడని సభ్యులు చాలామంది ఉన్నారు. స్టీమ్, దాని తర్వాత వచ్చిన హైవ్ వంటి వేదికల్లో పూర్తి బలంతో వేసే ఒక్కో ఓటుకు ఓటుశక్తిలో సుమారు 2 శాతం ఖర్చవుతుంది, రోజుకు 20 శాతం తిరిగి నిండుతుంది. అంటే బలం తగ్గకుండా రోజుకు పది పూర్తి ఓట్లు వేయవచ్చు. పది టపాలు శ్రద్ధగా చదవడం ఎవరికైనా కొంత సమయం పట్టే పనే. అంత తీరిక లేనివారు మూడు చదివి మూడింటికే ఓటేసినా నష్టం లేదు. మిగిలిన ఏడు ఓట్లు వృథా అవుతున్నాయన్న ఆత్రుతతో వాటిని యంత్రానికి అప్పగించడం దగ్గరే నాణ్యత జారిపోతోంది.

కోడంతరంగం

నిదానవాసి గారు చెప్పిన లెక్క సరైనదే. వారి తీర్పుతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. నియమాలు ఒకదానికి ప్రతిఫలమిస్తూ ఉంటే, మనుషులను మరొకటి చేయమని కోరుతూ బాధ్యత గురించి ఎంత చెప్పినా ఫలితం ఉండదు. స్టీమ్ చరిత్రే దీనికి సాక్ష్యం.

మొదట్లో ఒక టపాకు దక్కే ప్రతిఫలం దానికి పడిన ఓట్ల బలానికి వర్గంగా పెరిగేది. ఓట్ల బలం రెట్టింపైతే ప్రతిఫలం నాలుగింతలు. దీనివల్ల కొద్దిమంది పెద్ద ఖాతాదారులు ఎటు మొగ్గితే నిధి అటే ప్రవహించేది, చిన్నవారి ఓట్లకు విలువ ఉండేది కాదు. ఇది అన్యాయమని 2017 జూన్‌లో లెక్కను సరళం చేసి, ఓటు బలానికి తగ్గ ప్రతిఫలం వచ్చేలా మార్చారు. ఉద్దేశం మంచిదే. అయితే దానితో ఓటు ఎక్కడ వేసినా ఒకే విలువ పలకసాగింది. అలాంటప్పుడు ఇతరులకు వేయడం కంటే తన టపాకే తాను వేసుకోవడం, లేదా ఓటును అద్దెకివ్వడం లాభసాటి అయింది. ఓట్లు అమ్మే బాట్లు, అంటే తమంతట తామే ఓటేసే ప్రోగ్రాములు, పుట్టుకొచ్చాయి: బాట్ ఖాతాకు కొన్ని టోకెన్లు పంపి, దాంతోపాటు మన టపా లంకె జోడిస్తే చాలు, అది తన దగ్గర పోగైన స్టేక్‌తో ఓటేసేది. ఆ స్టేక్‌ను దానికి అప్పగించిన సభ్యులకు రోజూ వాటా ముట్టేది. 2018 నాటికి ట్రెండింగ్ పేజీలో పైన కనిపించే టపాల్లో చాలావాటికి కొన్న ఓట్లే ఆధారం. ఆ సభ్యులందరూ హఠాత్తుగా బాధ్యత మరిచారని అనుకోవడం కంటే, నియమం వారిని ఎటు నెట్టిందో చూడటమే సమంజసం.

2019 ఆగస్టులో మళ్లీ మూడు మార్పులు కలిపి తెచ్చారు. చాలా తక్కువ ఓట్లు పడిన టపాలకు దామాషా కంటే తక్కువ దక్కేలా లెక్కను కొంచెం వంచారు. అంతవరకు రచయితకు 75, ఓటర్లకు 25 శాతంగా ఉన్న వాటాను సగం సగం చేశారు. అప్‌వోట్ శక్తి ఖర్చు కాకుండా కొన్ని డౌన్‌వోట్లు వేసుకునే వీలు కల్పించారు. ఓట్లమ్మే బాట్ల వ్యాపారం ఆ తర్వాతే దెబ్బతింది. అంతకుముందు రెండేళ్లపాటు బాధ్యత గురించి, విలువల గురించి రాసిన ఎన్నో వ్యాసాలు చేయలేని పనిని ఆ మార్పు కొద్ది వారాల్లో చేసింది.

ఇది టోకెన్ల వేదికలకే పరిమితమైన జాడ్యం కాదు. ప్రశ్నోత్తరాల వేదిక కోరా 2018లో ప్రశ్నలు అడిగేవారికి డబ్బు చెల్లించే పథకం తెచ్చినప్పుడు, ఊరు పేరు మార్చి, సంఖ్య మార్చి ఒకే ప్రశ్నను పదేపదే అడిగే ధోరణి మొదలైంది. ఎక్స్ (పూర్వపు ట్విట్టర్) 2023లో జవాబుల మధ్య కనిపించే ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలుపెట్టాక, జనాన్ని రెచ్చగొట్టి జవాబులు రాబట్టే పోస్టులకు గిరాకీ పెరిగింది. ఏ కొలమానానికైనా డబ్బు ముడిపెడితే, మనుషులు ఆ కొలమానాన్ని పెంచుతారే తప్ప అది కొలవవలసిన అసలు గుణాన్ని పెంచరు. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం సందర్భంలో గమనించినది, ఇప్పుడు ఆయన పేరుతోనే ప్రచారంలో ఉన్న సూత్రం చెప్పేది, ఇదే.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. నియమాలను ఆకాశం నుంచి ఎవరూ పంపడం లేదు. స్టీమ్‌లో గానీ, దాని నుంచి విడివడిన హైవ్‌లో గానీ, ఏ మార్పు అమలులోకి రావాలన్నా సభ్యుల ఓట్లతో ఎన్నికైన సాక్షులు, అంటే బ్లాక్‌లు తయారుచేసే నిర్వాహకులు, దాన్ని ఆమోదించాలి. మొదటి 20 మందిలో కనీసం 17 మంది ఒప్పుకోనిదే మార్పు జరగదు. ఒక్కో సభ్యుడు 30 మంది దాకా సాక్షులను ఎన్నుకోవచ్చు. రోజూ టపాలకు ఓటేసే ఎంతమంది ఆ పేజీని ఒక్కసారైనా తెరిచి ఉంటారు? 2020 మార్చిలో టోకెన్ల కొనుగోలు అమ్మకాలు జరిపే కొన్ని పెద్ద ఎక్స్చేంజీలు తమ దగ్గర ఖాతాదారులు దాచుకున్న టోకెన్లతోనే సాక్షుల ఎన్నికలో ఓటేసి ఫలితాన్ని మార్చేయడం, దానికి నిరసనగా చాలామంది విడిపోయి మార్చి 20న హైవ్‌ను ప్రారంభించడం అందరూ చూసినదే. సభ్యుల బాధ్యత గురించి మాట్లాడాలంటే నేను మొదట ఎత్తేది ఈ విషయమే. ఎవరి టపాకు ఓటేశారన్న దానికంటే, ఎలాంటి నియమాలు రాసేవారిని ఎన్నుకున్నారన్నదే నాణ్యతను ఎక్కువ కాలం శాసిస్తుంది.

తీరికపాఠకురాలు

పైన ఇద్దరూ చెప్పినవి చదివాను. నేను కొందరితో కలిసి స్వచ్ఛందంగా టపాలు చదివి ఓటేసే క్యూరేషన్ బృందంలో పనిచేస్తున్నాను, అందుకని మామూలుగా మా పని ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. నియమాలు ఎంత బాగున్నా చివరికి ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. ఆ పనికి ప్రత్యామ్నాయం నాకైతే కనిపించడం లేదు.

ఒక టపా తెరవగానే మొదట చూసేది గొంతు ఒకటేనా కాదా అన్నది. మొదటి పేరాలో "నేను" అని రాసినవారు మూడో పేరాలో "మా సంస్థ" అంటే అక్కడ ఆగిపోతాం. కొలతలు మధ్యలో మారినా, ఒకే వ్యక్తి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా కనిపించినా, అది రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి అతికించినదనే అనుమానం కలుగుతుంది. అందులోంచి కొంచెం ప్రత్యేకంగా ఉన్న ఒక వాక్యాన్ని యథాతథంగా శోధనలో పెడతాం. చిత్రం ఉంటే అంచులు చూస్తాం. మూలన సంతకమో ముద్రో ఉన్నచోట కత్తిరించిన ఆనవాలు తరచుగా దొరుకుతుంది. ఆ తర్వాత ఆ ఖాతా పాత టపాలకు వచ్చిన వ్యాఖ్యలు చదువుతాం. తన పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఓపికగా జవాబిచ్చే రచయిత, ఒకవేళ భాషలో తడబడినా, మా దృష్టిలో విలువైనవారే.

ఒక సందర్భం చెబుతాను. మొక్కలకు అంటు కట్టడం గురించి వచ్చిన ఒక టపా చాలా చక్కగా ఉంది. ఓట్లు కూడా బాగానే పడుతున్నాయి. ఒక బొమ్మలో మాత్రం చేతులు కుడిచేతి వాటంగా, మరో బొమ్మలో ఎడమచేతి వాటంగా ఉన్నాయి. ఒక బొమ్మను అద్దంలో ప్రతిబింబంలా తిప్పేశారు, బహుశా శోధనలో దొరకకూడదని. వెతికితే మూల వ్యాసం బయటపడింది. మేము వెంటనే డౌన్‌వోట్ వేయకుండా ఆ సభ్యుడికి వ్యాఖ్య రూపంలో రాశాం. బొమ్మ తిప్పడం మిగతా అందరూ చేసేదేనని, కింద లంకె ఇస్తే చాలనుకున్నానని ఆయన జవాబిచ్చారు. అనుమతి లేకుండా ఒకరి వ్యాసం మొత్తం పెట్టి, దాని మీద ప్రతిఫలం తీసుకోవడం లంకె ఇచ్చినంత మాత్రాన సరైపోదని, ఇక్కడ ప్రతిఫలం ఇచ్చేది రచయిత తనవంతుగా చేర్చినదానికేనని వివరించాం. ఆయన ఆ టపాలోని వ్యాసాన్ని తీసేసి, కొన్నాళ్లకు తన పెరటి మొక్క మీద తానే చేసిన ప్రయత్నాన్ని, అది విఫలమైన తీరుతో సహా రాశారు. బొమ్మలు అంత శుభ్రంగా లేవు. మా బృందం ఆ వారం పూర్తి బలంతో ఓటేసిన టపాల్లో అదొకటి.

ఇది చెప్పడానికి కారణం ఉంది. నాసిరకం టపాలు పెట్టేవారందరూ మోసగాళ్లు కారు. చుట్టూ ఏది చెల్లుబాటు అవుతోందో చూసి, అదే పద్ధతి అనుకునేవారే ఎక్కువ. కొత్తగా చేరినవారికి ట్రెండింగ్ పేజీయే పాఠ్యపుస్తకం. అక్కడ ఏం కనిపిస్తే అదే నేర్చుకుంటారు. అందుకే పైన ఏది నిలబెడుతున్నామో అన్న విషయంలో ఓటర్ల బాధ్యత చాలా పెద్దది. కోడంతరంగం గారు చెప్పిన నియమాలు మారేదాకా ఆగలేం.

మీరు ప్రస్తావించిన వ్యాఖ్యల విషయంలో మరింత కఠినంగా ఉండాలని నా అభిప్రాయం. మరణం గురించి రాసిన టపా కింద "ఉపయోగకరమైన సమాచారం" అని రాయడం ఆ మనిషిని అవమానించడమే. అలాంటివాటికి ఓటు వేయకుండా వదిలేస్తే సరిపోదు, వాటిని కిందికి దించాలి. అదే సమయంలో ఒక పేరా చదివి, దానిలో ఒక అంశాన్ని పట్టుకుని ప్రశ్నించే వ్యాఖ్యకు, అది రెండు వాక్యాలే అయినా, ఓటేయడం అలవాటు చేసుకోవాలి. మంచి వ్యాఖ్యలకు ప్రతిఫలం దక్కుతుందని తెలిస్తేనే చదివేవారు పెరుగుతారు.

పుటలమధ్య

ఎంతో సమయం వెచ్చించి జవాబిచ్చిన ముగ్గురికీ ధన్యవాదాలు. ఓటును సంతకంగా చూడాలన్న మాట నాకు చాలా ఉపయోగపడింది. తీరికపాఠకురాలు గారిని రెండు విషయాలు అడగాలని ఉంది. మొదటిది: నాది చిన్న ఖాతా. ఒక పెద్ద ఖాతాదారు టపాకు డౌన్‌వోట్ వేస్తే, ఆయన నా టపాలన్నిటికీ తిరిగి వేసి నాకు ఏ ప్రతిఫలమూ రాకుండా చేయగలరు. నాకు తెలిసిన ఒకరికి అలాగే జరిగింది, ఆమె రాయడమే మానేశారు. రెండోది: ఏఐతో రాయించిన టపాలు. వాటిలో కాపీ దొరకదు, వ్యాకరణం తప్పదు, గొంతు కూడా ఒకటే. వాటినెలా చూడాలి?

తీరికపాఠకురాలు

మొదటిదానికి: ఒంటరిగా వేయకండి. డౌన్‌వోట్ వేసిన ప్రతిసారీ కారణం ఒకటి రెండు వాక్యాల్లో మర్యాదగా రాయండి. కాపీ అయితే మూలం లంకె ఇవ్వండి. మీ అనుమానాన్ని కాపీల మీద నిఘా పెట్టే బృందాలకు తెలియజేస్తే వారి ఖాతాల నుంచి చర్య జరుగుతుంది, ఎదురుదెబ్బ మీ మీద పడదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: అభిప్రాయం నచ్చలేదని డౌన్‌వోట్ వేయడానికి, పనికి తగ్గదానికంటే ఎక్కువ ప్రతిఫలం వెళుతోందని వేయడానికి చాలా తేడా ఉంది. రెండోదానిలో మీరు ఎవరి జేబులోంచీ ఏమీ తీయడం లేదు. టపా ప్రచురితమైన ఏడు రోజుల తర్వాతే చెల్లింపు జరుగుతుంది. అప్పటిదాకా కనిపించే మొత్తం అంచనా మాత్రమే. తగ్గించినది ఉమ్మడి నిధికే చేరి ఇతర రచయితలకు వెళుతుంది.

రెండో ప్రశ్నకు నాకంటే స్వరలేఖ గారు బాగా చెప్పగలరు. వారు చాలాకాలంగా ప్రశ్నోత్తరాల వేదికల్లో పరిశీలకులుగా ఉన్నారు.

స్వరలేఖ

తీరికపాఠకురాలు గారు గుర్తుచేసినందుకు సంతోషం. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులో, అంటే చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే, దానితో తయారుచేసిన జవాబులను నిషేధించింది. అప్పుడు వారు చెప్పిన కారణం ఇప్పటికీ చాలామంది సరిగా పట్టించుకోలేదు. ఆ జవాబులు చాలావరకు తప్పుగా ఉండటం ఒక ఎత్తు. చూడటానికి సరైనవాటిలా ఉండి, తయారు చేయడం అతి తేలికగా ఉండటం మరొక ఎత్తు. రాయడానికి అర నిమిషం, అది సరైనదో కాదో నిగ్గు తేల్చడానికి ఒక నిపుణుడికి అరగంట. ఈ తూకం తప్పినప్పుడు స్వచ్ఛందంగా చదివేవారి ఓపిక ఎంత ఉన్నా చాలదు. డబ్బు బహుమతి లేని చోటే ఇలా ఉంటే, ప్రతి టపాకూ టోకెన్లు వచ్చే చోట ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

అయితే శైలిని చూసి "ఇది ఏఐ రాసింది" అని నిందించడం ప్రమాదకరం. ఏఐ రచనను గుర్తిస్తామని చెప్పుకునే సాధనాలు నమ్మదగినవి కావు. మనుషులు రాసినదాన్ని కూడా, ముఖ్యంగా రెండో భాషగా నేర్చుకుని జాగ్రత్తగా పద్ధతిగా రాసేవారిని, తప్పుగా పట్టిస్తాయి. నేను అనుసరించే మార్గం వేరు. టపాలోని విషయం గురించి ఒక నిర్దిష్టమైన ప్రశ్న వేస్తాను: ఈ కొలత ఎలా తీశారు, ఈ రెండింటిలో మీరు వాడింది ఏది, ఎందుకు అది ఎంచుకున్నారు? నిజంగా ఆ పని చేసినవారు ఒక్క వాక్యంలోనైనా తమ చేతి అనుభవం కనిపించేలా జవాబిస్తారు. రాయించి పెట్టినవారు మళ్లీ అదే నునుపైన సాధారణ వాక్యాలు అతికిస్తారు, లేదా జవాబే ఇవ్వరు. రెండో సందర్భంలో ఓటు వెనక్కు తీసుకోవడానికి ఇతర రుజువు అక్కరలేదు; ఏ సాధనం వాడారన్న వివాదంలోకి దిగకుండానే, రాసినదానికి పూచీ పడేవారు లేరు కాబట్టి ప్రతిఫలం ఇవ్వడం సబబు కాదని చెప్పవచ్చు.

రచయితల వైపు నుంచి కూడా ఒక మాట. అనువాదానికో అక్షరదోషాల దిద్దుబాటుకో యంత్రం సాయం తీసుకుంటే ఆ సంగతి టపాలోనే చెప్పండి. ఇతరుల రచనను అందరికీ చేరవేయాలనే మంచి ఉద్దేశంతో పంచుకుంటుంటే, హైవ్ వంటి వేదికల్లో ప్రచురించే ముందే ప్రతిఫలం వద్దని ఎంచుకునే వీలుంది, లేదా ఆ మొత్తాన్ని మూల రచయిత ఖాతాకు వెళ్లేలా లబ్ధిదారుగా చేర్చే వీలుంది. ఈ రెండు సదుపాయాలూ చాలాకాలంగా ఉన్నాయి, వాడేవారు మాత్రం తక్కువ. వీటిని వాడినవారి టపాకు ఏ ఆటంకమూ లేకుండా పాఠకులు దొరుకుతారు, అనుమానంతో చూసే అవసరం ఎవరికీ రాదు.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబుకు డౌన్‌వోట్ వేస్తే వేసినవారికి కూడా ఒక పాయింటు పోతుంది. తప్పు ఎత్తిచూపడానికి కొంత సొంత నష్టం భరించాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం.  డౌన్‌వోట్ పూర్తిగా ఉచితమైనచోట, వేసేవారు తమకు తామే ఇలాంటి ఖరీదు విధించుకోవాలి. తీరికపాఠకురాలు గారు చెప్పినట్టు కారణం రాయడం ఆ ఖరీదే.

కోడంతరంగం

స్వరలేఖ గారి జవాబుతో నా వాదన కొంత మెత్తబడిందని చెప్పాలి. పూచీ అన్నది ఏ సూత్రంలోనూ ఇమడదు, అది చదివేవారు అడిగి రాబట్టవలసిందే. అయినా చదివేవారికి నష్టం కలగకుండా చూడటం నియమాల పని. మొదట్లో ఓటు ఎంత త్వరగా వేస్తే క్యూరేటర్ (ఓటేసినవారి) వాటా అంత పెరిగేది. మరీ ముందుగా వేసేవారికి కోత పెట్టే వ్యవధి అరగంట ఉండేది, తర్వాత పదిహేను నిమిషాలకు, ఆపై ఐదు నిమిషాలకు తగ్గింది. ఐదు నిమిషాల్లో రెండు వేల పదాల వ్యాసం ఎవరు చదవగలరు? చదవనివారికే, అంటే యంత్రాలకే, లాభం. హైవ్ 2021 జూన్‌లో ఈ పద్ధతి తీసేసి, మొదటి 24 గంటల్లో ఎప్పుడు ఓటేసినా వాటా ఒకేలా ఉండేట్టు మార్చింది. శ్రద్ధగా చదివేవారికి ఒక నియమం చేయగలిగిన అతి పెద్ద మేలు అదే అనిపిస్తుంది.

పుటలమధ్య గారికి ఒక ఆచరణ సూచన. చదివే తీరిక లేని రోజులు ఉంటాయి. అలాంటప్పుడు ఆటో ఓటుకు బదులు మీ స్టేక్‌లో కొంత భాగాన్ని నిజంగా చదివి ఓటేసే బృందానికి డెలిగేట్ చేయవచ్చు. టోకెన్లు మీవే ఉంటాయి, ఓటు బలం మాత్రం వారికి వెళుతుంది, వద్దనుకుంటే వెనక్కు తీసుకోవచ్చు. తీసుకున్నాక బలం మీకు తిరిగి చేరడానికి కొద్ది రోజులు పడుతుంది. డెలిగేట్ చేసే ముందు ఆ ఖాతా గత నెలలో ఏయే టపాలకు ఓటేసిందో, లావాదేవీలన్నీ చూపించే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి. రోజూ ఒకే పదిమందికి వెళుతుంటే ఆ బృందం చదవడం లేదు. సాక్షుల ఎన్నిక విషయంలోనూ అంతే: 30 మందినీ పరిశీలించే ఓపిక లేకపోతే మీకు నమ్మకమున్న ఒక సభ్యుడిని ప్రాక్సీగా పెట్టుకోవచ్చు, ఆయన ఎవరికి వేస్తే మీ ఓటూ వారికే పడుతుంది. ఆ ప్రాక్సీ ఖాతా ఇంకా చురుగ్గా ఉందో లేదో అప్పుడప్పుడు చూసుకోండి.